దఫీనా మిషన్: మార్చాలా, వద్దా?



పోయిన జుమా నమాజ్ అయ్యాక మస్జిద్ మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే ఒక దోస్త్ వెనక నుంచి భుజం తట్టాడు. "క్యా భాయ్, దఫీనా మిషన్ కొత్తది తీసుకుంటున్నవంట?" అని గట్టిగానే అడిగాడు. పక్కనున్న నలుగురూ తిరిగి చూశారు. ఒకాయన నవ్వాడు. ఇంకొకాయన నవ్వలేదు, నా దగ్గరికి రెండడుగులు జరిగాడు. ఆ జరిగినాయన సంగతి తర్వాత చెప్తా.

ముందు అసలు విషయం. నా దగ్గర ఒక మెటల్ డిటెక్టర్ ఉంది. గారెట్ కంపెనీ ఏస్ 250. ఆరేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. నాలుగు పెన్సిల్ సెల్స్ వేస్తే నడుస్తుంది. పిల్లలు దానికి దఫీనా మిషన్ అని పేరు పెట్టారు. వాళ్ల నానీమా మాత్రం "భూమిని ఇస్త్రీ చేసే కర్ర" అంటుంది. ఆదివారం ఫజర్ తర్వాత దాన్ని భుజాన వేసుకుని, తెలిసిన రైతుల చేన్లలోకి పోయి రెండు గంటలు తిరిగి రావడం నా షౌఖ్. కొందరు చేపలు పడతారు, కొందరు పావురాలు పెంచుతారు. నాది ఇది.

దీన్ని అమ్మేసి మల్టీ ఫ్రీక్వెన్సీ మిషన్ కొనాలన్న ఖయాల్ ఏడాదిగా బుర్ర తింటోంది. నాకు చెప్పిన ధర 78 వేలు. నేను జమ చేసింది 61 వేలు. ఇంట్లో ఆమెకు చెప్తే ఒక్కటే మాట అంది: "61 వేలు భూమి పైన్నే ఉన్నయి గదా, మళ్ల భూమిలో ఎతుకుడెందుకు?"

నేను చివరికి ఏం తేల్చుకున్నానో ముందే చెప్పేస్తా. మార్చొద్దు. నేను మార్చడం లేదు, నాలాగా నెల జీతం మీద బతికే వాళ్లు ఎవరైనా సలహా అడిగితే వాళ్లకూ వద్దనే చెప్తా. కానీ ఈ మాట ఊరికే అనడం లేదు. ఆ మిషన్ నాకు నిజంగానే కావాలనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే ఒక్కో వజహ్ విప్పి రాస్తున్నా.

మొదట మిషన్ సంగతి. దాని కింద గుండ్రటి కాయిల్ ఉంటుంది. అది భూమిలోకి మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. కింద లోహం ఉంటే అందులో చిన్న చిన్న విద్యుత్ సుడులు పుడతాయి. ఆ సుడులు తిరిగి తమ క్షేత్రాన్ని పైకి పంపుతాయి. అది ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి ఇది ఇనుమా, వెండా, రాగా అని మిషన్ అంచనా వేస్తుంది. అంచనా మాత్రమే, ఫైసలా కాదు. బంగారపు ఉంగరం ఎలాంటి శబ్దం ఇస్తుందో, మడతపడ్డ అల్యూమినియం రేకు కూడా అలాంటి శబ్దమే ఇవ్వగలదు. ఈ తేడా తేల్చడంలో 10 వేల మిషన్ మోసపోతుంది, లక్ష రూపాయల మిషన్ కూడా మోసపోతుంది.

నా ఏస్ 250 ఒకే ఫ్రీక్వెన్సీ మీద, 6.5 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. నేల స్వభావాన్ని బట్టి సరిచేసుకునే ఏర్పాటు మన చేతిలో ఉండదు, ఫ్యాక్టరీలో పెట్టి పంపిందే. కాయిల్ నీళ్లలో మునిగితే ఫర్వాలేదు గానీ పైన డబ్బా తడవకూడదు. ఆస్ట్రేలియా మైన్‌ల్యాబ్ వాళ్ల ఈక్వినాక్స్ లాంటివి ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలు పంపుతాయి, నేలకు తగ్గట్టు సరిచేసుకోవచ్చు, మొత్తం మిషన్‌ను నీళ్లలో ముంచొచ్చు. టర్కీ వాళ్ల నోక్టా కూడా మంచి మిషన్లు చేస్తోంది. ఇవన్నీ నిజంగా మెరుగైనవే. అందులో నాకు షక్ లేదు.

అయితే కొనేవాళ్లందరూ అడిగే మొదటి ప్రశ్న "ఎంత లోతు పోతుంది?" అనేదే. ఇక్కడే మోసపోతాం. చిన్న వస్తువు నుంచి తిరిగి వచ్చే సంకేతం దూరం పెరిగే కొద్దీ భయంకరంగా పడిపోతుంది. దూరం రెట్టింపయితే సంకేతం సుమారు 64వ వంతుకు దిగిపోతుంది. అంటే రెట్టింపు ధర పెడితే రెట్టింపు లోతు దొరకదు. నాణెమంత వస్తువు నా మిషన్‌కు జానెడు లోపల దొరుకుతుందనుకోండి, కొత్తది ఇంకో రెండు మూడు అంగుళాలు పోతే షుకర్ చేసుకోవాలి. 78 వేలు పెడితే వచ్చేది నిలువెత్తు లోతు కాదు.

నేను పటాన్‌చెరు వైపు ఒక మాత్రల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేస్తా. అక్కడా మెటల్ డిటెక్టర్ ఉంటుంది. మాత్ర తయారై బయటికి వచ్చే దారిలో పెడతారు. ఏ మిషన్ జల్లెడ తీగ ముక్కో, అరిగిన లోహపు పొడో మాత్రలో పడితే అది పట్టుకుని పక్కకు తోసేస్తుంది. ఇనుము, ఇనుము కాని లోహం, స్టెయిన్‌లెస్ స్టీల్, మూడు రకాల టెస్ట్ ముక్కలు వేసి అది సరిగ్గా పట్టుకుంటోందో లేదో చూసి రాసి పెడతాం. కొత్తగా వచ్చిన పిల్లలు ఒక తప్పు చేస్తారు. సెన్సిటివిటీ ఎంత పెంచితే అంత మంచిదనుకుని చివరి దాకా తిప్పేస్తారు. అప్పుడు మంచి మాత్రలు కూడా ధడధడా రిజెక్ట్ డబ్బాలో పడతాయి. లోహం ఉండదు, మిషన్ మాత్రం అరుస్తూనే ఉంటుంది. మా సూపర్‌వైజర్ సాబ్ వాళ్లకు చెప్పేది ఒకటే: "ఎక్కువ వినుడు కాదు బేటా, సరిగ వినుడు నేర్చుకో." పన్నెండేళ్లుగా ఈ మాట రోజూ వింటూ, ఆదివారం పూట మాత్రం ఎక్కువ వినే మిషన్ కోసం తపించడం నా హమాఖత్.

ఇప్పుడు మన నేల సంగతి. మన దగ్గర పక్కపక్కనే ఎర్ర నేల, నల్ల రేగడి రెండూ ఉన్నాయి. 1972లో పటాన్‌చెరులో పెట్టిన ఇక్రిశాట్ పొలాల్లో కూడా ఈ రెండు రకాల నేలల మీదా పరిశోధన జరుగుతుంది. ఇనుప ఖనిజం ఎక్కువున్న నేల మీద ఏ మిషన్‌కైనా తకలీఫే. పైగా మన ఇలాఖా 1960ల నుంచి ఫ్యాక్టరీల ఇలాఖా. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, ఎద్దుమైలారంలో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ, పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం. రోడ్డు పక్క చేనులో అడుగు పెడితే వెల్డింగ్ రాడ్ ముక్కలు, నట్లు, వాచర్లు, సీసా మూతలు, మాత్రల రేకులు, గుట్కా పాకెట్లు. తల మీద హైటెన్షన్ తీగలు. ఆ తీగల కింద నిలబడి సెన్సిటివిటీ పెంచితే మిషన్ బుల్‌బుల్ పిట్టలాగా ఆగకుండా కూస్తుంది. ఇలాంటి చోట పెద్ద కాయిల్ పెట్టడమంటే కొంచెం లోతు కోసం పది చెత్త ముక్కల్ని ఒకే శబ్దంలో కలిపి వినడం. చెత్త ఎక్కువున్న నేలకు చిన్న కాయిల్, నెమ్మదైన చెయ్యి, సబర్. ఇవి 78 వేలకు దొరకవు.

ఆరేళ్లలో నాకు దొరికినవి లెక్క రాసి పెట్టా. గుర్రపు నాడాలు రెండు. ఎద్దు మెడ గంట ఒకటి. నాగలి కర్రులు మూడు. ట్రాక్టర్ పిన్నులు లెక్కలేనన్ని. చెల్లే నాణేలు, చెల్లని నాణేలు కలిపి ఒక చిన్న డబ్బాకు సగం. ఒక పాత తాళం, చెవి లేదు. పక్క గల్లీ కోమటి వాళ్ల కొత్త కోడలు కూరగాయల మడిలో పోగొట్టుకున్న ఉంగరం. అది దొరికిన రోజు ఆ అమ్మాయి అత్త నా చేతిలో స్వీట్ల డబ్బా పెట్టి ఏడ్చింది. ఉంగరం విలువ కోసం కాదు, ఇంట్లో రెండు రోజులుగా ఒకరి మీద ఒకరు అనుమానపడుతున్నారట. ఆ ఉంగరం నాలుగు అంగుళాల లోతులో ఉంది. దానికి నా పాత మిషనే చాలింది.

ఇంకొకటి కూడా దొరికింది. దాని గురించి చెప్పడానికి కాస్త షర్మ్‌గా ఉంది, అయినా చెప్పాలి. సదాశివపేట వైపు ఒక రైతు చేనులో నిజాం కాలపు రెండు పైల నాణెం. ఒక పక్క తుగ్రా, ఇంకో పక్క హిజ్రీ సాల్, చివరి రెండు అంకెలు అరిగిపోయాయి. నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను. మా దాదా చేతుల మీదుగా తిరిగిన పైసలు అలాంటివే కదా. ఆ రైతు తండ్రి ముసలాయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆయన చేను, ఆయన నాణెం అని ఆయనకే ఇచ్చి వచ్చా. మంచి పని చేశాననుకున్నా. కానూన్ ఏం చెప్తుందో అప్పటికి చదవలేదు.

తర్వాత చదివా. మన దేశంలో 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఉంది. భూమిలో దాగి ఉన్న ఏ విలువైన వస్తువైనా దాని లెక్కలో ఖజానానే. విలువ 10 రూపాయలు దాటితే దొరికినవాడు కలెక్టర్‌కు రాసి ఇవ్వాలి. ఏం దొరికింది, ఎక్కడ, ఏ తారీఖున అని. దాచిపెడితే అతని హిస్సా పోతుంది, ఏడాది దాకా ఖైదు పడొచ్చు, జరిమానా పడొచ్చు, రెండూ పడొచ్చు. 10 రూపాయలు! 1878లో అది పెద్ద మొత్తం. ఇవాళ రెండు పైల నాణెం కూడా ఆ గీత దాటుతుంది. ఎవరో జేబులోంచి జారవిడిచిన పైసా "దాచిన ఖజానా" అవుతుందా కాదా అని వకీల్ సాబ్‌లు వాదించుకోవచ్చు. నాలాంటివాడు ఆ వాదన కోర్టులో నిలబడి వినే హాలత్ తెచ్చుకోకూడదు. ఇప్పుడైతే పాతది అనిపించే ఏ వస్తువు కనబడ్డా తవ్వడం ఆపేసి, ఫొటో తీసి, భూమి ఆసామీని తీసుకుని తహసీల్ దఫ్తర్‌కు పోవాలని ఖరారు చేసుకున్నా.

కొందరు అంటారు: ఎందుకింత డర్, ఇంగ్లండ్‌లో మామూలు మనుషులు మిషన్లు పట్టుకుని తిరుగుతారు గదా అని. నిజమే. అక్కడ 1996లో కొత్త ట్రెజర్ చట్టం చేశారు, 1997లో దొరికిన వస్తువులు నమోదు చేసే స్కీము పెట్టారు. 2009లో స్టాఫర్డ్‌షైర్‌లో ఒక షౌఖీన్ మనిషికి పొలంలో పాత బంగారపు రాశి దొరికితే చెప్పాడు, ఇనామ్ అతనికీ భూమి ఆసామీకీ పంచారు. అక్కడ చెప్పడానికి ఒక మేజా, ఒక మనిషి ఉన్నాడు. మన దగ్గర అలాంటి ఇంతెజామ్ రావాలని నేనూ కోరుకుంటా. వచ్చే దాకా, అక్కడి వీడియోలు చూసి ఇక్కడ మిషన్ కొనడం, ఈత రాకుండా తెప్ప కొనడమే.

ఇంకా ముఖ్యమైన సంగతి. మన సంగారెడ్డికి పక్కనే కొండాపూర్ ఉంది. చాలామంది పిక్నిక్‌కు పోయి మ్యూజియం చూసి వస్తారు. ఆ దిబ్బ కింద శాతవాహనుల కాలపు ఊరు ఉంది. 1914లో నిజాం సర్కార్ పురావస్తు మెహక్మా పెట్టినప్పుడు దాని మొదటి నాజిం మౌల్వీ గులాం యజ్దానీ సాబ్. ఆయన హయాంలోనే 1940ల మొదట్లో కొండాపూర్ తవ్వారు. రాశులకొద్దీ శాతవాహన నాణేలు, పూసలు, మట్టి బొమ్మలు, రోమ్ బాద్‌షా అగస్టస్ పేరున్న బంగారు నాణెం కూడా బయటపడ్డాయి. ఆ రోమ్ నాణెం విలువ దాని బంగారంలో లేదు. అది ఏ పొరలో, వేటి పక్కన దొరికిందో రాసి పెట్టారు కాబట్టి, రెండు వేల ఏళ్ల కింద ఈ మంజీర ఒడ్డు మనుషులు సముద్రం అవతలి వాళ్లతో తిజారత్ చేశారని మనకు తెలిసింది. అదే నాణెం ఏ రాత్రో ఎవడో మిషన్ పట్టుకుని తీసి షరాఫ్ దుకాణంలో కరిగిస్తే, అది నాలుగు వేళ్ల బంగారం, అంతే. తవ్వకంలో మన ఖౌమ్ మనిషి ఒకరు ఇంత అదబ్‌తో పనిచేసిన జిల్లాలో మనం దొంగచాటుగా గుంతలు తవ్వితే ఎలా?

కొండాపూర్ దిబ్బ కేంద్ర పురావస్తు శాఖ కాపలాలో ఉంది. 1958 చట్టం ప్రకారం అలాంటి చోట ఇజాజత్ లేకుండా తవ్వడం జుర్మ్. 2010 సవరణ తర్వాత చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్లు ఆంక్షల కింద ఉంది. డిటెక్టర్ పెట్టుకున్న ప్రతి ఒక్కరూ ఈ లెక్క నోటికి నేర్చుకోవాలి.

ఇక దీన్ వైపు నుంచి. ఈ విషయంలో మనవాళ్లలో ఒక గలత్‌ఫహమీ బాగా పాతుకుపోయింది. "రికాజ్‌లో ఖుమ్స్ తీస్తే మిగిలింది హలాల్" అని. ఐదో వంతు బైతుల్‌మాల్‌కు ఇవ్వాలన్న హుకుమ్ బుఖారీ షరీఫ్‌లో ఉన్న మాట నిజమే. కానీ అది మాలిక్ ఎవరో తెలియని పాత దఫీనా గురించిన మాట. ఎవరి భూమి, ఎవరి ఇజాజత్, ఎవరి హక్కు అన్న ప్రశ్నలు దాటేసి నేరుగా ఐదో వంతు లెక్కకు పోవడం, నమాజ్‌కు వుజూ వదిలేసి సలాం దగ్గర మొదలుపెట్టడం లాంటిది. పోగొట్టుకున్న మనిషి ఉండే అవకాశమున్న వస్తువైతే అది లుఖతా. దాన్ని ఏడాది పాటు ఎలాన్ చెయ్యాలని హుజూర్ (స) నేర్పారు. కోడలి ఉంగరం లుఖతా. అది నా ఖజానా కాదు, నా చేతిలో అమానత్. పైగా మనం ఏ దేశంలో ఉంటున్నామో ఆ దేశపు కానూన్‌ను మాట ఇచ్చినట్టే పాటించాలి కదా.

బుఖారీలోనే ఇంకో కిస్సా ఉంది, మా పిల్లలకు నేను ఎన్నిసార్లు చెప్పానో. ఒకతను ఇంకొకతని దగ్గర భూమి కొన్నాడు. దున్నితే బంగారమున్న కుండ బయటపడింది. నేను కొన్నది భూమి, బంగారం కాదు, నీది నువ్వు తీసుకో అని అమ్మినవాడి దగ్గరికి పోయాడు. అమ్మినవాడు, భూమితో పాటు దాంట్లో ఉన్నదంతా ఇచ్చేశా, నాకొద్దన్నాడు. నాది నాది అని కొట్లాడుకునే దునియాలో నాది కాదు నాది కాదని కొట్లాట. చివరికి ఫైసలా చేసే పెద్దాయన ఒకరి కొడుకుకు ఇంకొకరి కూతురితో నికాహ్ చేయించి, ఆ సొమ్ము వాళ్ల మీద ఖర్చు పెట్టమన్నాడు, కొంత సదఖా చెయ్యమన్నాడు. ఆ ఇద్దరి చేతుల్లో ఏ మిషన్ పెట్టినా భయం లేదు. మనం ఆ మఖామ్‌కు రాలేదు.

సూరా కహఫ్ ప్రతి జుమాకు చదివేవాళ్లున్నారు మనలో. హజ్రత్ మూసా, హజ్రత్ ఖిజర్ అలైహిముస్సలాం ఒక ఊరికి పోతే ఆ ఊరివాళ్లు అన్నం కూడా పెట్టలేదు. అక్కడ పడిపోబోతున్న గోడను హజ్రత్ ఖిజర్ కూలి లేకుండా నిలబెట్టారు. దాని కింద ఇద్దరు యతీమ్ పిల్లల ఖజానా ఉంది. గమనించండి, దఫీనా ఎక్కడుందో ఖచ్చితంగా తెలిసిన మనిషి అక్కడ తవ్వలేదు. గోడ కట్టి, దాన్ని ఇంకా భద్రంగా దాచి, ఆకలితోనే వెళ్లిపోయారు. భూమిలో ఉన్నదంతా దొరికినవాడి కోసమే ఉందనుకోవడం మన లాలచ్ చెప్పే మాట.

లాలచ్ అన్నా కాబట్టి ఇప్పుడు ఆ మస్జిద్ మెట్ల దగ్గర రెండడుగులు జరిగిన మనిషి సంగతి. ఆయన నన్ను చాయ్‌కి తీసుకుపోయాడు. ఇరానీ చాయ్ రెండు, ఉస్మానియా బిస్కెట్లు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. ఒక ఊరి పాత ఖబరస్తాన్ గోడ పక్కన దఫీనా ఉందట. ఎవరో ఆమిల్ సాబ్ చెప్పాడట, అమావాస్య రాత్రి అక్కడ దియా వెలుగు కనబడుతుందట. "నీ మిషన్ జానెడే పోతది భాయ్. పెద్దది తీసుకో. సగం పైసలు నేను పెడతా. దొరికిన దాంట్లో ఖుమ్స్ తీసి మస్జిద్‌కు ఇద్దాం, మిగిలింది చెరి సగం."

నిజం చెప్తున్నా, నేను వెంటనే కాదనలేదు. "సోచ్‌కే బోల్తౌం" అన్నా. ఆమిల్ మాట మీద యఖీన్ ఉండి కాదు. "సగం పైసలు" అన్న మాట మీద మనసు పడింది. 78లో సగం 39. నా దగ్గర 61 ఉన్నాయి. మిషన్ వస్తుంది, ఇంకా 22 వేలు మిగులుతాయి. దొరకదని నాకు తెలుసు, ఒకసారి పోయి తిరిగి వచ్చేస్తే మిషన్ నాది. ఇలా లెక్క వేసుకుంటూ ఇంటికి వచ్చా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఖబరస్తాన్ వఖ్ఫ్ భూమి. అక్కడ పడుకున్నవాళ్లు ఎవరి అమ్మీ అబ్బాలో. మా అబ్బా ఖబర్ పక్కన ఎవడో రాత్రిపూట మిషన్ తిప్పితే నాకు ఎలా ఉంటుంది? ఫజర్ తర్వాత ఫోన్ చేసి వద్దని చెప్పా. ఆయనకు కోపం వచ్చింది. ఇప్పుడు సలాం చేస్తే జవాబు మెల్లగా వస్తోంది.

ఇలాంటి మాటలు విని మునిగినవాళ్లు మామూలు మనుషులే కాదు. 2013 అక్టోబర్‌లో ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లా దౌండియా ఖేడాలో ఒక సాధువుకు వెయ్యి టన్నుల బంగారం కలలో కనబడిందంటే సర్కారే తవ్వించింది, బంగారం రాలేదు. 2017 డిసెంబర్‌లో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో ఖజానా కోసం తవ్వారు, ఖజానా రాలేదు. సర్కార్లే ఇలా నమ్మితే మన గల్లీ పిల్లలు ఒక ఆమిల్ మాట నమ్మడంలో తాజ్జుబ్ ఏముంది? అయితే సర్కార్ తవ్వితే పేపర్లో నవ్వుతారు, మన పిల్లవాడు తవ్వితే ఠాణాలో కూర్చోబెడతారు. గుడి దగ్గరో దర్గా దగ్గరో గుంత కనబడి, పక్కన మన పేరున్న కుర్రాడు మిషన్‌తో దొరికితే, ఆ ఊళ్లో ఎన్నేళ్ల భాయీచారా ఒక్క పూటలో పోతుందో ఆలోచించండి. ఆ ఖర్చు 78 వేలలో కలపాలి మరి.

మరి ఈ షౌఖ్ మొత్తం వదిలెయ్యాలా? నేను అలా అనడం లేదు. ఇది హరాం కాదు. మనిషిని పొద్దున్నే లేపి నాలుగు మైళ్లు నడిపిస్తుంది. పిల్లలకు అయస్కాంతం, విద్యుత్తు పుస్తకం లేకుండా నేర్పుతుంది. ఆర్థికంగా బాగున్నవాళ్లు, పిల్లల ఫీజులు, జకాత్, అప్పులు అన్నీ సర్దుకున్నాక మంచి మిషన్ కొనుక్కుంటే నాకు హసద్ లేదు, ఒకసారి పట్టుకోవడానికి ఇమ్మని అడుగుతా. కానీ కొనే ముందు తమను తాము అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇప్పుడున్న మిషన్ పూర్తిగా వాడటం వచ్చిందా? కొత్తది తిప్పడానికి ఇజాజత్ ఉన్న భూమి ఎంతుంది? నాకు ఇందులో నడక ఇష్టమా, దొరకడం ఇష్టమా? దొరికితే ఎవరికి ముందు చెప్తా, ఆసామీకా, కలెక్టర్‌కా, షరాఫ్‌కా? చివరి ప్రశ్నకు జవాబు ఇవ్వడానికి ఒక్క క్షణం ఆలస్యమైనా పర్సు మూసెయ్యాలి. నాకైతే ఒక రాత్రంతా ఆలస్యమైంది.

నేను కొన్నది పిన్‌పాయింటర్ ఒకటి, హెడ్‌ఫోన్ ఒకటి. పిన్‌పాయింటర్ అంటే చేతిలో పట్టే చిన్న కడ్డీ, గుంతలో వస్తువు సరిగ్గా ఎక్కడుందో చూపుతుంది. దాంతో గుంత చిన్నదవుతుంది, రైతుకు పైరు మిగులుతుంది, నాకు అరగంట మిగులుతుంది. రెండూ కలిపి 9 వేలు కూడా కాలేదు. మిగిలింది పెద్ద బేటీ పాలిటెక్నిక్ ఫీజుకు పోయింది. ఆమె ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. నా మిషన్ విప్పి చూస్తానంటోంది, అదొక్కటే ఇప్పుడు నా భయం.

వచ్చే ఆదివారం పాశమైలారం అవతల ఒక యాదవుల ఇంటికి పోతున్నా, ఇన్షా అల్లాహ్. వాళ్లకు ఎనిమిది బర్రెలు. పోయిన నెల ఒకటి మేత మానేసి చచ్చిపోతే డాక్టర్ సాబ్ కడుపు కోసి చూశాడు. తీగ ముక్క మింగింది, అది పొట్ట గోడ దాటి గుండె దాకా పోయింది. ఫ్యాక్టరీల పక్కన గడ్డిలో ఇలాంటి తీగలు ఎన్నుంటాయో లెక్క లేదు. బర్రెలు మేసే ఆ ఎకరం గడ్డి మొత్తం తిరిగి ఉన్న ఇనుమంతా ఏరి ఇస్తానని మాట ఇచ్చా. ఆరేళ్లుగా మిషన్‌ను ఇనుము వదిలెయ్యి అని సెట్టింగ్ పెట్టి తిప్పా. ఈసారి ఆ సెట్టింగ్ తీసేసి, ఇనుమే వెతకమని తిప్పాలి. తీగలు పైపైనే ఉంటాయి. పాత మిషన్ చాలు.